లేబుల్ మీద మీ పేరు, సీసాలో వదిన సెంటు

ఐర్లాండ్ నుంచి ఒక సోదరి రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పొడవుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమె, భర్తకు అక్క అయిన వదిన కలిసి మూడేళ్లుగా ఇంట్లోనే సబ్బులు, ఫేస్ క్రీము, తలనూనె తయారుచేసి అమ్ముతున్నారు. వారాంతపు సంతల్లోనూ తెలుగువాళ్ల ఫంక్షన్లలోనూ స్టాల్ పెడతారు. తయారీ అంతా వదినది. లేబుళ్లు, లెక్కలు, ప్రభుత్వ కాగితాలు ఈమెవి. మొదట్లో పద్ధతిగానే సేఫ్టీ అసెసర్‌తో (సరుకు చర్మానికి సురక్షితమేనా అని తేల్చే నిపుణుడు) రిపోర్ట్ రాయించి, సౌందర్య సాధనాల నమోదుకు ఉన్న యూరప్ పోర్టల్‌లో నమోదు చేయించి, బాధ్యురాలిగా తన పేరు, తన ఇంటి చిరునామా లేబుల్ మీద వేయించారు.

ఈమధ్య ఒక కస్టమర్, బాగా తెలిసినావిడే, క్రీము వాడిన రెండు వారాలకు మెడ మీద, కళ్ల చుట్టూ ఎర్రగా పొంగి దురద పెడుతోందని చెప్పారు. గొడవేమీ పెట్టుకోలేదు. "డాక్టరు అడుగుతున్నారు, ఇందులో ఏ సెంటు కలుపుతారు?" అని మాత్రం అడిగారు. ఈమె వదినను అడిగితే అసలు విషయం బయటపడింది. పాత సప్లయర్ రేటు పెంచాడని వదిన కొన్ని నెలల కిందటే వేరేచోట సెంటు కొంటున్నారు. కొత్త సప్లయర్ ఈమెయిల్‌లో అలర్జెన్ల (అలర్జీ తెప్పించగల పదార్థాల) జాబితా పంపినా దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. లేబుల్ మీద ఇంకా పాత సెంటు తాలూకు పేర్లే ఉన్నాయి. కొత్త జాబితాలో ఉన్న యూజినాల్, సిన్నమాల్ లాంటివి లేబుల్‌లో లేవు.

"అది మన సీక్రెట్, బయట చెప్పకూడదు. ఆవిడ చర్మమే తేడా. మనది అంతా నేచురల్. కొత్త రూల్సంటావా, పాత ప్రొడక్టులకి 2028 దాకా టైముంది" అంటున్నారట వదిన. వందల కొద్దీ లేబుళ్లు ప్రింట్ అయి ఉన్నాయి. భర్త "అక్కతో పెట్టుకోకు" అంటున్నారు. "కస్టమర్‌కి చెప్తే ఇంట్లో గొడవ, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. వదిలేసి బయటికి వచ్చేయనా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు సమస్యలు కలగలిసిపోయాయి: కస్టమర్ చర్మం, లేబుల్, వదినతో సంబంధం. మూడింటినీ ఒకే దెబ్బతో తేల్చాలనుకోవడం వల్లే మీకింత టెన్షన్. మొదటిది మాత్రం ఈ రోజే చేయాలి. మిగతా రెండింటికీ కాస్త వ్యవధి ఉంది.

ఆ కస్టమర్‌కు ఈ రోజే రాయండి. వదిన ఒప్పుకునేదాకా ఆగవద్దు. మీ పేరు లేబుల్ మీద ఉంది కాబట్టి ఆ ప్రశ్న అడిగింది మిమ్మల్నే. ఇలా రాస్తే చాలు: "అక్కా, క్రీము వాడటం వెంటనే ఆపెయ్యండి, డబ్బా పారెయ్యకండి. లేబుల్ మీద రాసిన సెంటు, ఇప్పుడు వాడుతున్న సెంటు ఒకటి కాదని నాకు ఇప్పుడే తెలిసింది. సప్లయర్ ఇచ్చిన అలర్జెన్ల కాగితం, మొత్తం పదార్థాల జాబితా పంపుతున్నాను. రెండూ డాక్టరుకి చూపించండి." ఇందులో తప్పు మీదేనని ఒప్పుకున్నదేమీ లేదు, తప్పించుకున్నదీ లేదు. ఆవిడకు కావలసిన సమాచారం మాత్రం చేరుతుంది.

నిజానికి సెంటే కారణమని మనకు తెలియదు. ప్రిజర్వేటివ్ కావచ్చు, వేరే ఏదైనా కావచ్చు. దాన్ని తేల్చేది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న పట్టీలుగా వీపు మీద అతికించి, రెండు రోజులయ్యాక తీసి చూస్తారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఈ రకం అలర్జీ అప్పటికప్పుడు పైకి రాదు, అందుకే అంత ఓపిక. మామూలుగా వాడే సెట్‌లో యూజినాల్, సిన్నమాల్, జెరానియోల్ వంటివి కలిపిన సువాసనల మిశ్రమం ఉంటుంది. కానీ మీ క్రీములో ఇంకా ఏమున్నాయో తెలిస్తేనే డాక్టరు వేటి మీద పరీక్ష చేయాలో సరిగ్గా ఎంచుకోగలరు. మీరు దాచే ఒక్క పేరు వల్ల ఆవిడ నెలల తరబడి తప్పు వస్తువును అనుమానిస్తూ గడపవచ్చు.

ఇంకో సంగతి. ఒకసారి శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే సాధారణంగా జీవితాంతం మరిచిపోదు. ఆ తర్వాత చాలా తక్కువ మోతాదు తగిలినా దద్దుర్లు వస్తాయి. ఈ అలర్జీకి మందు వేసి మొదలంటా తీసేయడం కుదరదు, ఆ పదార్థానికి దూరంగా ఉండటమే దారి. దూరంగా ఉండాలంటే డబ్బా తిప్పి చూసినప్పుడు ఆ పేరు అక్కడ కనిపించాలి. యూరప్ చట్టం అలర్జెన్ల పేర్లు రాయమన్నది ఇందుకే. మీ క్రీము చెడ్డదని ఆ పేర్లు చెప్పవు. వందమంది హాయిగా వాడుకోవచ్చు. ఆ ఒక్క మనిషి మాత్రం "ఇది నాకు పడదు" అని తెలుసుకుని పక్కన పెట్టేస్తుంది. యూరప్ జనాభాలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఏదో ఒక సువాసన పదార్థం పడనివాళ్లు ఉంటారని అక్కడి శాస్త్రీయ కమిటీ 2012లో అంచనా వేసింది. సంతలో మీ స్టాల్ ముందు నుంచి ఒక్క ఉదయం ఎంతమంది నడిచివెళ్తారో మీకే తెలుసు.

ఇప్పుడు వదిన గారి వాదనలు చూద్దాం. ఆవిడ చెడ్డమనిషని నాకు అనిపించలేదు. భయపడుతున్నారు, అంతే. భయానికి జవాబు వివరంగా చెప్పాలి.

ముందుగా సీక్రెట్. అలర్జెన్ల పేర్లు రాస్తే ఫార్ములా బయటపడిపోతుందన్నది ఉత్త భయం. చట్టం అడిగేది పేర్లే, శాతాలు కాదు. సెంటు మిశ్రమంలోని మిగతా సరుకంతా ఎప్పటిలాగే "పర్ఫమ్" అన్న ఒక్క మాట కింద ఉండిపోవచ్చు. సాంబారు పొడి ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు చదివినంతమాత్రాన ఎవరికీ మీ అత్తగారి చేతి రుచి వచ్చెయ్యదు కదా. పైగా లినలూల్, లిమొనీన్, సిట్రల్ అన్నవి వేల రకాల సబ్బుల మీద, షాంపూల మీద రోజూ కనిపించే పేర్లు. వాటిని చూసి వదిన గారి మిశ్రమాన్ని ఎవరూ కాపీ కొట్టలేరు.

ఇక "అంతా నేచురల్" అన్న మాట. ఈ మాట దగ్గర నేను కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే దీన్ని నమ్మి బాధపడేవాళ్లు చాలామంది. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాలే. లావెండర్ నూనెలో లినలూల్, నిమ్మ తొక్క నూనెలో లిమొనీన్ నిండుగా ఉంటాయి. మొక్కలోంచి వచ్చినా ఫ్యాక్టరీలోంచి వచ్చినా చర్మానికి అది అదే అణువు. పైగా లినలూల్, లిమొనీన్ గాలి తగిలి పాతబడేకొద్దీ ఆక్సీకరణ చెంది, అసలు వాటికన్నా ఎక్కువ అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారతాయి. చవకగా వస్తుందని వదిన గారు పెద్ద సీసాలు కొంటారని రాశారు. సగం ఖాళీ అయిన సీసా, పైన సగమంతా గాలి, నెలల తరబడి కిటికీ పక్కన అల్మరాలో! ఇది మాత్రం ఈ వారమే మార్చండి. చిన్న ముదురురంగు సీసాల్లోకి అంచుదాకా నింపి, చల్లటి చీకటి చోట పెట్టి, తెరిచిన తేదీ రాసుకోండి. దీనికి వదిన కూడా కాదనరు, ఖరీదైన సరుకు పాడవకుండా ఉంటుంది కదా.

లేబుల్ మీద "అలర్జీ ఉండదు", "కెమికల్స్ లేవు" అన్న మాటలు కూడా వేశామని రాశారు. వాటిని తీసేయండి. నిరూపించలేని మాట లేబుల్ మీద ఉండకూడదని యూరప్‌లో విడిగా నిబంధనే ఉంది. అలర్జీ వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆ మాటను మీరెలా నిలబెట్టుకుంటారు?

2028 సంగతికి వస్తే, అందులో వదిన చెప్పింది సగమే నిజం. 2003 నాటి చట్టంలో 26 సువాసన పదార్థాల పేర్లు విడిగా రాయాలని ఉండేది. వాటిలో లిలియల్, లైరల్ అనే రెండింటిని తర్వాత పూర్తిగా నిషేధించారు. 2023 జులైలో వచ్చిన 2023/1545 నిబంధనతో కొత్తగా 56 చేరి, జాబితా 80 దాకా పెరిగింది. మీ తలనూనెలో వేసే కర్పూరం, మెంథాల్ ఇప్పుడు అందులో ఉన్నాయి. వెనిలిన్, లినలైల్ అసిటేట్ ఉన్నాయి. గులాబీ, మల్లె, లవంగ, లావెండర్, చందన నూనెలు సాక్షాత్తు నూనెల పేర్లతోనే చేరాయి. దీనికి రెండు తేదీలు పెట్టారు. 2026 జులై 31 దాటాక కొత్తగా మార్కెట్లోకి వెళ్లే సరుకంతా కొత్త జాబితా ప్రకారం ఉండాలి. అంతకుముందే మార్కెట్లోకి వెళ్లిపోయిన సరుకును 2028 జులై 31 వరకు అమ్ముకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. "పాత ప్రొడక్ట్" అంటే పాత పేరున్న క్రీము కాదు, ఆ తేదీకి ముందే మీ చేతిలోంచి మార్కెట్లోకి వెళ్లిన ఆ డబ్బాలు. మూడేళ్లుగా అమ్ముతున్న క్రీమే అయినా, గడువు దాటాక పోసిన బ్యాచ్‌కు పాత లేబుల్ చెల్లదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, యూజినాల్, సిన్నమాల్ కొత్త పేర్లే కావు. మొదటి జాబితా నుంచీ ఉన్నవే. వాటికి ఏ గడువూ లేదు. పరిమితి దాటితే ఇప్పుడే రాసి ఉండాలి. కాబట్టి మీ క్రీము విషయంలో 2028 గురించి వాదించుకోవడం అనవసరం.

పరిమితి దాటిందో లేదో మీరే లెక్క వేసుకోవచ్చు. చర్మం మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం, కడిగేసే వాటిలో 0.01 శాతం దాటితే పేరు రాయాలి. ఉదాహరణకు క్రీములో సెంటు 0.5 శాతం కలుపుతారనుకోండి. సప్లయర్ కాగితంలో యూజినాల్ 0.4 శాతం అని ఉంది. రెండూ గుణించి నూటితో భాగిస్తే 0.002. క్రీముకు పరిమితి దాటింది, రాయాలి. అదే సెంటు సబ్బులో 2 శాతం వేస్తే 0.008 వస్తుంది. సబ్బు కడిగేసేది కాబట్టి దాటలేదు. కానీ ఆ సబ్బులోనే విడిగా లవంగ నూనె కూడా వేస్తుంటే అందులోని యూజినాల్‌నూ కలిపి లెక్కపెట్టాలి, అప్పుడు ఇట్టే దాటిపోతుంది. నూనెను వాసన కోసం కాదు, జుట్టు మేలు కోసం వేశామన్నా లెక్క మారదు. తలకు రాసి రాత్రంతా ఉంచుకునే నూనెను నేనైతే ఉండిపోయే రకంగానే లెక్కిస్తాను, మీ అసెసర్‌ను కూడా అడగండి. 0.001 శాతమంటే ఎంత? కిలో క్రీములో 10 మిల్లీగ్రాములు. లవంగ నూనె ఒక్క చుక్క పడితే చాలు, ఆ గీత దాటేస్తుంది. ఈ చుక్క లెక్క ఒకటి వదిన ముందు వేసి చూపించండి. మాటలతో కానిది దీనితో కావచ్చు.

మీరు గమనించారో లేదో, లేబుల్ కన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. సెంటు మారిందని అసెసర్‌కు తెలియదు. సేఫ్టీ రిపోర్ట్ రాసింది పాత సెంటుకు. అంటే ఇప్పుడు మీరు అమ్ముతున్న క్రీముకు రిపోర్ట్ లేనట్టే. కాబట్టి లేబుల్ ఒక్కటి మారిస్తే పని అయిపోదు. కొత్త సెంటు కాగితాలన్నీ అసెసర్‌కు పంపి రిపోర్ట్ సరిచేయించాలి, పోర్టల్‌లో ఏమైనా మార్చాలేమో ఆయన్నే అడగాలి. కస్టమర్‌కు వచ్చిన ఇబ్బందిని కూడా ఆ రిపోర్ట్, మిగతా కాగితాలు ఉండే ఫైల్లో చేర్చాలి, అందులో దానికి విడిగా భాగముంది. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, కొన్నాళ్లు పనే చేసుకోలేని స్థితి వచ్చినా అది "తీవ్రమైన" ఇబ్బంది కింద లెక్క. అప్పుడు ఐర్లాండ్‌లో హెల్త్ ప్రొడక్ట్స్ రెగ్యులేటరీ అథారిటీకి ఆలస్యం చేయకుండా తెలియజేయాలి. ఇదంతా తేలేదాకా కొత్త సెంటు వేసిన బ్యాచ్‌ల అమ్మకం ఆపండి. డబ్బా మీద బ్యాచ్ నంబరు ఉంటుంది కాబట్టి ఏవి ఆపాలో తెలుస్తుంది. అవే బ్యాచ్‌లు కొన్న మిగతావాళ్లకు ఏం చెప్పాలో కూడా అసెసర్‌ను అడగండి.

ఇక మీ ముందున్న దారులు.

పాత సెంటుకే తిరిగి వెళ్లిపోవచ్చు. రేటు ఎక్కువే, కానీ రిపోర్ట్ దానికే ఉంది, లేబుళ్లలో చాలావరకు కొన్నాళ్లు పనికొస్తాయి. కొత్త 56 పేర్ల సంగతి అప్పుడూ చూసుకోవాల్సిందే. కొత్త సెంటునే ఉంచుకుంటే అసెసర్ ఖర్చు, లేబుళ్ల ఖర్చు ఒక్కసారి పడతాయి. ఎలాగూ ప్రింట్ చేయిస్తున్నారు కాబట్టి పూర్తి కొత్త జాబితా ప్రకారమే చేయించండి, రెండోసారి ఖర్చు తప్పుతుంది. ఉన్న లేబుళ్ల మీద స్టిక్కర్ అతికించడం చవకే, కానీ బాత్రూమ్ తడికి ఊడిపోయేది, అక్షరాలు చెరిగిపోయేది కుదరదు. చెరగకుండా, చదవడానికి వీలుగా ఉండాలి.

క్రీము వరకు సెంటు పూర్తిగా మానేయడం ఇంకో దారి. నా మొగ్గు దీనివైపు. ముఖానికి, కళ్ల దగ్గరికి వెళ్లే క్రీముకు వాసన అవసరం చాలా తక్కువ. సబ్బుకు, తలనూనెకు ఆ ముచ్చట ఉంచుకోవచ్చు. వాసన చూసి కొనే కస్టమర్లు కొందరు పోతారు. "సెంటు లేనిదేమైనా ఉందా" అని అడిగేవాళ్లు కొందరు వస్తారు, అలాంటివాళ్లు మీ స్టాల్ దగ్గర ఇప్పటికే అడిగారని మీరే రాశారు. దీనికీ రిపోర్ట్ మార్చాలి. కానీ లెక్కలు తేలికవుతాయి.

వదినతో మాట్లాడేటప్పుడు అత్తగారి ముందు, స్టాల్ దగ్గర, నలుగురిలో వద్దు. ఇద్దరే కూర్చోండి, సప్లయర్ కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి. "మీరు నాకు చెప్పకుండా మార్చారు" అని మొదలుపెడితే మాట సెంటు మార్పు మీదికి రాక ఆవిడ మర్యాద దగ్గరే ఆగిపోతుంది. "వదినా, అడ్రస్ నాది, ఎవరైనా వస్తే మా ఇంటికే వస్తారు, నాకు భయంగా ఉంది" అనండి. అది నిజం కూడా. ఇకమీదట సెంటు సీసా మారితే మీ చేతికి కాగితం వచ్చాకే గిన్నెలో పడాలన్న ఒక్క షరతు మాత్రం ఖాయం చేసుకోండి. మీ ఆయనకు కూడా విడిగా చెప్పండి. ఇది వదినా మరదళ్ల పట్టింపు కాదని, చట్టం ముందు బాధ్యత ఆయన భార్యదని తెలిస్తే "పెట్టుకోకు" అన్న మాట బహుశా మారుతుంది. వదినకు మీరు ఎదురు తిరుగుతున్నట్టు ఆయనకు కనిపిస్తోంది, లేబుల్ చేతికిచ్చి మీ పేరున్న లైను చదవమనండి.

వదిన దేనికీ ఒప్పుకోకపోతే బయటికి రావడం కూడా సరైన దారే, తప్పేమీ లేదు. ఊరికే మానేశానని చెప్పి ఊరుకుంటే మాత్రం చాలదు. బాధ్యురాలిగా మీ పేరు పోర్టల్‌లోంచి, లేబుళ్ల మీంచి తీయించాలి. మీ చిరునామాతో ప్రింటైన లేబుళ్లన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి, అవి ఆ ఇంట్లో ఉన్నంతకాలం మీ పేరు మీదే సరుకు పోతుంది. ఇప్పటిదాకా మీ పేరు మీద అమ్మిన బ్యాచ్‌ల ఫైలును చివరి బ్యాచ్ మార్కెట్లోకి వెళ్లిన నాటి నుంచి 10 ఏళ్లు భద్రపరచాలి. కాబట్టి ఉన్నా, వచ్చేసినా, కొత్త సప్లయర్ పంపిన ఆ కాగితంతో సహా ఫైలు మొత్తానికి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.